హంగేరీ సాబర్ ఆధిపత్యం: గురువు ఘనతా, వ్యవస్థ ఫలమా?

హంగేరీ ప్రస్తావన వచ్చేసరికి ఫెన్సింగ్ చరిత్రకారులు పరిశోధన పక్కనపెట్టి పురాణం అందుకుంటారు. 1896లో ఇటలీ నుంచి ఇటాలో సాంతెల్లీ బుడాపెస్ట్ వచ్చాడు, సాబర్ నేర్పాడు, పతకాలు వచ్చిపడ్డాయి: ఇంతే కథ. ఈ సాంతెల్లీ వాదం ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ప్రశ్నించడమే అపచారమైపోయింది. ఒక దేశపు క్రీడనంతా ఒక్క మనిషి ఖాతాలో జమకట్టే ఈ పద్ధతి చెల్లదని ఈ వ్యాసం ప్రతిపాదన.

మొదటి సాక్ష్యం తేదీలే. సాంతెల్లీ కంటే రెండేళ్ల ముందు, 1894లోనే, లుయీజీ బర్బసెత్తి వియన్నా చేరాడు. ఆ తర్వాత ఆస్ట్రియా-హంగేరీ సైనిక శిక్షకులకు ఇటాలియన్ సాబర్ నేర్పాడు. ఇటాలియన్ గురువు రాకే అసలు కారణమైతే ఆ ఫలం ఆస్ట్రియాకూ దక్కాలి. ఒలింపిక్ సాబర్‌లో ఆస్ట్రియాకు ఒక్క స్వర్ణమూ లేదు. 1912 జట్టు రజతాన్ని ఎవరైనా గుర్తుచేయవచ్చు. దానివల్ల వాదం మారదు.

ఆట తీరు చూసినా అంతే. ఇటలీలో రాదెల్లీ సంప్రదాయపు వేటు మోచేతిని ఇరుసు చేసుకుని తిరుగుతుంది; గుర్రపు దళానికి అది సరిపోయింది. హంగేరీ పద్ధతిలో బొటనవేలు పిడి వెన్నుమీద ఆనుతుంది, తక్కిన వేళ్లు వదులుగా చుట్టుకుని వేటు తగిలే క్షణంలోనే బిగుస్తాయి. పని వేళ్లది, మణికట్టుది. అడ్డుకోవడం మూడు, నాలుగు, అయిదు స్థానాల త్రికోణంలోనే సాగుతుంది. దీన్ని పాఠ్యక్రమంగా మలిచింది బోర్షొది లాస్లో. అతడు బోధించిన తోల్ది మిక్లోష్ సైనిక సంస్థ పని క్రీడా ఉపాధ్యాయులను, ఫెన్సింగ్ గురువులను తయారుచేయడం. అసలు కీలకం ఇక్కడుంది.

1908 నుంచి 1964 దాకా, హంగేరీని పిలవని 1920ని మినహాయిస్తే, వ్యక్తిగత సాబర్ స్వర్ణం ప్రతిసారీ వాళ్లదే. ఫుక్స్ గెలిచింది చక్రవర్తి ఏలుబడిలో, పిల్లెర్ గెలిచింది హోర్తీ హయాంలో, కార్పాతీ గెలిచింది కమ్యూనిస్టు పాలనలో. గెరెవిచ్ 1932 నుంచి 1960 వరకు ఆరు ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం అందుకున్నాడు. సాంతెల్లీ 1945లోనే కన్నుమూశాడు. రాజ్యాలు కూలినా శిక్షకుల పరంపర తెగలేదు. అది సరిహద్దు కూడా దాటింది: యుద్ధం తర్వాత కెవెయ్ యానోష్ పోలండ్‌లో శిక్షకుడయ్యాడు. 1959లో బుడాపెస్ట్‌లోనే పోలండ్ జట్టు ప్రపంచ విజేత అయింది, 1968లో పావ్లోవ్‌స్కీ ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. కెవెయ్ కూడా ఒక్కడే కదా అంటే, అతడు వెంట తీసుకెళ్లింది ఒక బడి మొత్తాన్ని.

మన దగ్గరా ఇదే పొరపాటు నడుస్తోంది. భారత ఫెన్సింగ్ సంఘం 1974లో ఏర్పడింది. ఒలింపిక్స్‌లో మన తొలి ఫెన్సర్‌గా టోక్యోలో భవానీదేవి బరిలోకి దిగేసరికి దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. ఆమె పదునుదేరింది ఇటలీలోని లివోర్నోలో, నికోలా జనోత్తి దగ్గర. దాన్ని పట్టుదల కథగా చెప్పుకుని సంబరపడ్డాం. సంఘాలు పోటీలు నడపగలవు, పతకాలు పంచగలవు. శిక్షకులను తయారుచేసే బడి లేకుండా మాత్రం ఏ దేశంలోనూ ఫెన్సింగ్ జాతీయ క్రీడ కాలేదు, ఇకమీదా కాదు.