ఆరేళ్ళ బిడ్డ, రెండు చట్టాలు

మన పిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది 1924 నాటి నేరస్త జాతుల చట్టం. రెండోది 2009 నాటి విద్యాహక్కు చట్టం. రెండింటిలోనూ బడి ఉంది. రెండింటిలోనూ బిడ్డ వయసు ఆరేళ్ళ దగ్గరే మొదలవుతుంది. మొదటి చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, నేరస్త జాతిగా ప్రకటించిన తెగలో పుట్టిన బిడ్డకు ఆరేళ్ళు దాటి పద్దెనిమిది నిండకపోతే, ఆ బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీసి ప్రభుత్వం పెట్టిన బడిలో ఉంచవచ్చు. రెండో చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దాకా ప్రతి బిడ్డకూ ఉచితంగా, ఇంటికి దగ్గరలో చదువు చెప్పించడం ప్రభుత్వం పని.

బడి పేరు ఒకటే. మొదటి చట్టంలో తప్పు బిడ్డది, బడి దానికి శిక్ష. రెండో చట్టంలో బాధ్యత ప్రభుత్వానిది, బడి బిడ్డ హక్కు. ఈ రెండింటి మధ్య జరిగిన చరిత్ర తెలియకపోతే, ఈరోజు ఎవరైనా "మీవాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు" అన్నప్పుడు మనం తలవంచుకుంటాం. తెలిస్తే ఏం జవాబు చెప్పాలో తెలుస్తుంది.

నేరస్త జాతుల చట్టం మొదట 1871లో ఉత్తర భారతంలో వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పట్లో మన కర్నూలు, నంద్యాల ప్రాంతమంతా మద్రాసు కిందే ఉండేది. ఆ చట్టాన్ని సమర్థించినవాళ్ళ వాదన ఇది: వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, కంసాలి కొడుకు కంసాలి అవుతాడు, కాబట్టి దొంగతనం కులవృత్తిగా ఉన్నవాళ్ళ పిల్లలు దొంగలే అవుతారు. ఈ ఒక్క వాక్యం మీద లక్షలమంది జీవితాలను కట్టిపడేశారు. ఎరుకల, యానాది, సుగాలి, ఒడ్డె, దాసరి వంటివాళ్ళలో ఒక్కో ప్రాంతంలో కొన్ని శాఖల పేర్లు ఆ జాబితాలోకి ఎక్కాయి.

పేరు ఎక్కిన తర్వాత మనిషి ఏం చేశాడన్న ప్రశ్న ఉండదు. వేలిముద్ర ఇవ్వాలి. పిలిచినప్పుడు ఊరి అధికారి ముందో పోలీసు ముందో హాజరు కావాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఇంకో సంగతి చూడండి. ప్రభుత్వం ఇచ్చిన ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీల్లేదని చట్టంలోనే రాసుకున్నారు. దొంగతనం చేసినవాడికి కోర్టు ఉంది, వకీలు ఉన్నాడు, సాక్ష్యం ఉంది. దొంగ కులంలో పుట్టాడన్న ముద్ర పడినవాడికి అవేమీ లేవు.

న్యాయం గురించి ఎవరు ఎంత పెద్ద పుస్తకం రాసినా మొదటి మెట్టు ఒకటే: మనిషి తాను చేసినదానికి జవాబు చెప్పాలి, తాను పుట్టినదానికి కాదు. మన గూడేల్లో, తండాల్లో పెద్దమనుషులు పంచాయితీ చేసేటప్పుడు కూడా మొదట అడిగేది "ఎవరు చేశారు?" అనే కదా. చదువుకున్న దొరలు రాసిన చట్టం ఆ ప్రశ్న అడగడమే మానేసింది.

మరి ఆ కాలంలో దొంగతనాలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. అవి ఎందుకు పెరిగాయో కూడా చూడాలి. ఎరుకలవాళ్ళు, సుగాలీలు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా నుంచి ఉప్పు తెచ్చి మెట్ట ప్రాంతాల్లో ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది. రైళ్ళు వచ్చాయి. నంద్యాల మీదుగా గుంతకల్లు, బెజవాడలను కలిపిన రైలుమార్గం కూడా ఆ కాలంలో వచ్చిందే. సరుకు రైలెక్కింది, ఎద్దులవాడు దారి మీద మిగిలాడు. 1876-78 కరువు కర్నూలు జిల్లాను ఊడ్చేసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నల్లమల రిజర్వు అడవి అయింది. గడ్డలు తవ్వుకోవడం, కట్టె కొట్టుకోవడం, పశువులు మేపుకోవడం అన్నీ అనుమతుల కిందికి పోయాయి.

వ్యాపారం తీసేసి, అడవి తీసేసి, కరువులో వదిలేసి, ఆ తర్వాత "వీళ్ళు పుట్టు దొంగలు" అని రాసుకున్నారు. బాధ్యతను ఒకరి నెత్తి మీద నుంచి తీసి ఇంకొకరి నెత్తిన పెట్టడం అంటే ఇదే.

ఆ తర్వాత వచ్చినవి సెటిల్మెంట్లు. బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం, గుంటూరు జిల్లా సీతానగరం, నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్ప, కృష్ణా జిల్లా లింగాల, మన ఆత్మకూరు దగ్గర సిద్ధాపురం. కొత్తపల్లె వైపు వాళ్ళకు సిద్ధాపురం తెలియని పేరు కాదు. కానీ అది ఎందుకు పుట్టిన ఊరో మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండదు. స్టూవర్టుపురానికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారిగా ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద వచ్చింది. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అక్కడి పెద్దలకు పొలం పని, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చూపించారు. పిల్లలకు బడి పెట్టారు.

ఆ బడిలో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ అక్షరాలతో ముందుకొచ్చి ఉద్యోగాలు చేసినవాళ్ళూ, తమ జాతి కోసం మాట్లాడినవాళ్ళూ ఉన్నారు. ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ ఆ బడి పునాది ఏమిటి? నీ తల్లి చెడ్డది, నీ తండ్రి చెడ్డవాడు, వాళ్ళ దగ్గర ఉంటే నువ్వు చెడిపోతావు. బిడ్డకు నేర్పిన మొదటి పాఠం అదే. ఎరుకల పిల్లలు ఇంట్లో మాట్లాడుకునే కుర్రు బాస పోలీసుల లెక్కలో దొంగల రహస్య భాష అయింది. అమ్మ భాష మాట్లాడటమే అనుమానానికి కారణమైనప్పుడు, బిడ్డ ఆ భాషనూ అమ్మనూ కూడా దాచుకోవడం మొదలుపెడతాడు.

ఇది మన దగ్గరే జరిగింది కాదు. కెనడాలో, ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుని బడుల్లో, ఆశ్రమాల్లో పెట్టారు. 2008లో ఆ రెండు దేశాల ప్రధానమంత్రులు పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పారు. నేరస్త జాతుల చట్టం కింద పుట్టి పెరిగిన మనవాళ్ళకు పార్లమెంటులో అలాంటి క్షమాపణ ఎవరూ చెప్పలేదు.

అడవిలో చదువు లేదనుకున్నవాళ్ళు అడవిని చూడలేదు. చెంచు బిడ్డ ఏ గడ్డ ఏ నెలలో ఊరుతుందో, తీగ మళ్ళీ చిగురించేలా ఎంత తవ్వి ఎంత వదలాలో, తేనెపట్టు కోయడానికి కొండచరియ మీద తాడు ఎలా కట్టాలో, ఆ తాడు పట్టుకునే మనిషి ఎవరై ఉండాలో పెద్దల వెంట తిరిగి నేర్చుకుంటాడు. శ్రీశైలం యాత్రికులకు అడవిదారిలో తోడు వెళ్ళి కాపాడే బాధ్యత ఒకప్పుడు చెంచులదే. అంటే రాజ్యాలు కూడా వాళ్ళను నమ్మాయి. అహోబిలం నరసింహస్వామిని చెంచులు తమ ఇంటి అల్లుడిగా చూస్తారు. ఏటా సంక్రాంతి పోయాక మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతుంది. పండుగ నాడు చెంచులు విల్లంబులతో ముందుంటారు. పండుగ అయ్యాక ఆ చెంచు బిడ్డకు బడిలో కూర్చునే చోటు ఎక్కడ ఉంది అన్నది అల్లుడిని కాదు, ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న.

బిడ్డ భాషను గౌరవించే బడి ఆ కాలంలోనే సాధ్యమని చూపిన చోటు ఒకటుంది. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో చనిపోయిన తర్వాత, నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను గోండుల కష్టాలు తెలుసుకోవడానికి పంపింది. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు వచ్చాయి. అది దయతో వచ్చిన బడి కాదు, తిరుగుబాటు చేస్తే వచ్చిన బడి. అయినా అక్కడ పిల్లవాడు తన ఇంటి మాటలోనే అక్షరం దిద్దుకున్నాడు. అదే కాలంలో స్టూవర్టుపురంలో పిల్లవాడి ఇంటినే అనుమానించారు.

స్వాతంత్ర్యం దగ్గరపడేకొద్దీ ఈ చట్టం మీద మాట పెరిగింది. 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ, ఇది పౌర స్వేచ్ఛకే విరుద్ధమని ఖండించారు. 1947లో మద్రాసు రాష్ట్రం దాన్ని రద్దు చేసింది. తిరుపతి ప్రాంతానికి చెందిన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ దేశమంతటా రద్దు చేయాలని చెప్పింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అందుకే విముక్త జాతులు ఆ రోజును తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటాయి. దేశం కంటే ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చిన స్వాతంత్ర్యం అది.

రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబరులో నిలబడి, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదు, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. ఆ తర్వాత వచ్చిన రాజ్యాంగంలో 46వ అధికరణం బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాల, తెగల చదువును ప్రత్యేక శ్రద్ధతో పెంచాలనీ, సాంఘిక అన్యాయం నుంచి, దోపిడీ నుంచి వాళ్ళను కాపాడాలనీ ప్రభుత్వానికి చెప్పింది. 350ఎ అధికరణం చిన్న తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంది. 2002లో 21ఎ అధికరణం చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఇక్కడ బాధ్యత చేతులు మారింది. పుట్టినందుకు బిడ్డ జవాబు చెప్పే కాలం పోయి, బిడ్డ పుట్టినందుకు ప్రభుత్వం జవాబు చెప్పే కాలం కాగితం మీద వచ్చింది.

కాగితం మీద అని ఎందుకు అంటున్నానంటే, పాత అలవాటు పోలేదు. 1948లో మద్రాసులో, 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. జాతి పేరు పోయి మనిషి పేరు వచ్చింది, కానీ పోలీసు చూపు పాత గుడిసెల వైపే తిరిగింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కుల వివక్షను కొట్టేస్తూ, విముక్త జాతులవాళ్ళను పుట్టుకతో నేరస్తులుగా చూసే జైలు నిబంధనలు చెల్లవని చెప్పింది. రద్దయి 72 ఏళ్ళయినా ఆ చట్టం ఆలోచన జైలు పుస్తకాల్లో బతికే ఉందన్నమాట.

అన్యాయం ఎప్పుడూ ముద్ర రూపంలోనే రాదు, గీత రూపంలో కూడా వస్తుంది. సంగమేశ్వరం మన కొత్తపల్లె మండలంలోదే. అక్కడ నిలబడితే కనిపించే కృష్ణకు రెండు వైపులా నల్లమల ఉంది, రెండు వైపులా చెంచులు ఉన్నారు, చుట్టరికాలు ఉన్నాయి. ఆవలి ఒడ్డున అమ్రాబాద్ వైపు గూడేలు ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1/70 చట్టం ఉంది. ఈవలి ఒడ్డున మన జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. అందుకే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3 కూడా మన వైపు ఎప్పుడూ రాలేదు. ఆ జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, ఉన్నవాళ్ళు పోగొట్టుకున్నారని బాధపడ్డాం. మనకు మొదటినుంచీ లేదన్న సంగతి మాట్లాడుకోలేదు.

1961లో దేశంలో షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత వందకు తొమ్మిది కూడా లేదు. 2011 నాటికి అది 59కి వచ్చింది. అదే 2011లో దేశం మొత్తం అక్షరాస్యత 73. నడిచిన దూరం పెద్దదే, మిగిలిన దూరం కూడా చిన్నది కాదు. ఈ మిగిలిన దూరానికి కారణం ఎవరు అన్నచోటే పాత మాట తిరిగి వస్తుంది: "మీవాళ్ళే పిల్లలను పంపరు." మిర్చి కోతలకో, పత్తి తీతకో ఇల్లు మొత్తం వలస పోతే బిడ్డ ఏ బడిలో ఉండాలి? గూడెంలో బడి ఉండి పంతులు రాకపోతే తప్పు ఎవరిది? ఇవి అడగకుండా తల్లిదండ్రులను అనడం, 1924 చట్టాన్ని కొత్త మాటల్లో చెప్పడమే.

ఈరోజు మన పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదువుతున్నారు. అక్కడా బిడ్డ తల్లికి దూరంగానే ఉంటాడు. మరి సెటిల్మెంటు బడికీ గురుకులానికీ తేడా ఏమిటి? తేడా గోడల్లో లేదు. తల్లి ఇష్టపడి పంపిందా? ఎప్పుడైనా వచ్చి చూసే, తీసుకుపోయే హక్కు ఆమెకు ఉందా? బిడ్డకు జ్వరం వస్తే ఆమెకు కబురు వెళుతుందా? అక్కడ బిడ్డ ఇంటి మాటను ఎగతాళి చేస్తున్నారా? ఈ నాలుగు ప్రశ్నలకు మంచి జవాబు ఉంటే అది హక్కుల బడి. లేకపోతే బోర్డు మారిన పాత బడి.

మన వంతు బాధ్యత కూడా ఉంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. వెనకబడిన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ళ పిల్లల సంఖ్యను బట్టి చోటు ఉండాలి. 1924లో తన బిడ్డ గురించి ఒక్క మాట అనే వీలులేని తల్లికి, ఇప్పుడు చట్టం కుర్చీ వేసింది. చాలా ఊళ్ళలో ఆ కుర్చీలో మన పేరు ఉంటుంది, మనిషి ఉండడు. తీర్మానం పుస్తకం మన ఇంటికే వస్తుంది, వేలిముద్ర వేసి పంపుతాం.

మన తాతలు వేలిముద్ర వేసింది బలవంతం మీద. మనం చదవకుండా వేస్తే అది మన తప్పే. మనలో నాలుగక్షరాలు నేర్చుకుని ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు నెలకొకసారి తమ గూడెం బడి కమిటీ సమావేశానికి వెళ్ళి, ఆ తీర్మానాన్ని అందరికీ వినపడేలా చదివి వినిపించాలి. పంతులు ఎన్ని రోజులు వచ్చాడో, వలసపోయిన ఇళ్ళ పిల్లల పేర్లు ఎందుకు కొట్టేశారో అక్కడే అడగాలి. జవాబు రాకపోతే మండలానికి, అక్కడా రాకపోతే జిల్లాకు రాయాలి. అడిగే హక్కు మనకుంది, జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకుంది.