దయ్యము (క్రైస్తవ మతం)

క్రైస్తవ విశ్వాసం ప్రకారం దయ్యం అనగా దేవునిచేత మంచి జీవిగా సృష్టించబడి, తన ఇష్టంతోనే దేవునిపై తిరుగుబాటు చేసి పతనమైన ఆత్మ. దయ్యాలకు నాయకుడు సాతాను. మనిషిని శోధించడం, మోసగించడం, కొన్ని సందర్భాలలో బాధించడం దయ్యాల పనులుగా క్రైస్తవ గ్రంథాలు పేర్కొంటాయి. అయితే వాటి శక్తికి హద్దులున్నాయనీ, దేవుని అనుమతి లేనిదే అవి ఏమీ చేయలేవనీ ప్రధాన క్రైస్తవ శాఖలు బోధిస్తాయి. ఆ హద్దులు ఎంతవరకు అనే విషయంలో భేదాభిప్రాయాలు కలవు. అనంతపురం జిల్లాలోని రాయదుర్గం వంటి కరువు ప్రాంతాలలో ఈ ప్రశ్నకు ఆచరణలో ప్రాముఖ్యం ఉన్నది. వాన పడకపోవడానికి, బిడ్డకు మూర్ఛ రావడానికి కారణం ఏమిటని నమ్ముతారో దానినిబట్టి తరువాత చేయవలసిన పని నిర్ణయమవుతుంది.

పదాలు, అర్థాలు

తెలుగు బైబిలులో గ్రీకు పదమైన 'డైమోనియోన్'కు 'దయ్యము', 'డియాబొలోస్'కు 'అపవాది' అనే పదాలు వాడబడినవి. హీబ్రూ మూలం గల 'సాతాను' అనే పేరు అలాగే ఉంచబడింది. 'అపవిత్రాత్మ' అనేది దయ్యానికి మరొక పేరు. సోదె చెప్పే ఆత్మను 'కర్ణపిశాచము' అన్నారు. యేసు నీటిపై నడుస్తుండగా శిష్యులు చూసి భయపడిన సందర్భంలో మాత్రం 'భూతము' అనే పదం కనిపిస్తుంది. రాయదుర్గం ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం కూడా వ్యవహారంలో ఉన్నది. కన్నడ బైబిలులో ఇదే అర్థానికి 'దెవ్వ' అనే పదం వాడారు.

ఈ పదాల ఎంపిక వలన ఒక చిక్కు ఏర్పడింది. తెలుగువారి జానపద విశ్వాసంలో దయ్యం అంటే సాధారణంగా అకాల మరణం పొందిన మనిషి ఆత్మ. కోరిక తీరక చనిపోయినవారు, కాన్పులో చనిపోయిన స్త్రీలు, ఆత్మహత్య చేసుకున్నవారు దయ్యాలై తిరుగుతారని నమ్ముతారు. క్రైస్తవ సిద్ధాంతంలో దయ్యం ఎన్నడూ మనిషి కాదు. అది పతనమైన దేవదూత. మరణించినవారి ఆత్మలు భూమిపై తిరుగుతూ బ్రతికినవారిని పట్టుకుంటాయనే భావనను చాలా శాఖలు అంగీకరించవు. పదం ఒకటే కావడంతో తెలుగు క్రైస్తవులలో ఈ రెండు అర్థాలు తరచు కలిసిపోతాయి.

బైబిలులో

పాత నిబంధనలో దయ్యాల ప్రస్తావన తక్కువ. ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయంలో దయ్యాలకు బలులు అర్పించినవారిని గురించి చెప్పబడింది. యోబు గ్రంథంలో సాతాను యోబు ఆస్తిని, సంతానాన్ని, ఆరోగ్యాన్ని నాశనం చేస్తాడు. కాని ప్రతి సారీ దేవుడు హద్దు విధించిన తరువాతే ఆ పని చేస్తాడు. యోబు ప్రాణం జోలికి పోరాదని ఆజ్ఞ ఉంటుంది. దయ్యాల శక్తికి పరిమితి ఉన్నదని చెప్పే బోధకులందరూ ఈ కథను ఉదహరిస్తారు.

కొత్త నిబంధనలో దయ్యాలను వెళ్ళగొట్టడం యేసు పరిచర్యలో ముఖ్య భాగం. మార్కు సువార్త 5వ అధ్యాయంలో గెరాసేనుల దేశంలో సమాధులలో నివసించే ఒక మనిషిని పట్టిన దయ్యాల గుంపు తన పేరు 'సేన' అని చెబుతుంది. పందులలో ప్రవేశించడానికి కూడా ఆ దయ్యాలు యేసు అనుమతి కోరవలసి వచ్చింది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో సోదె చెప్పి యజమానులకు లాభం సంపాదించే ఒక బానిస బాలిక కథ ఉన్నది. 19వ అధ్యాయంలో యేసు పేరును మంత్రంలా వాడబోయిన స్కెవ కుమారులు దెబ్బలు తిని పారిపోతారు.

రోగాలన్నిటికీ దయ్యాలే కారణమని సువార్తలు చెప్పవు. మత్తయి 4:24లో దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు వేర్వేరుగా పేర్కొనబడ్డారు. అదే సువార్త 17వ అధ్యాయంలో చాంద్రరోగి అయిన బాలుని నుండి యేసు దయ్యాన్ని వెళ్ళగొట్టినట్లు ఉన్నది. రోగానికీ దయ్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి అన్న వివాదానికి ఈ రెండు భాగాలే మూలం.

శక్తి పరిధి: బోధనల చరిత్ర

ఆదిమ సంఘ కాలం: 2వ శతాబ్దానికి చెందిన జస్టిన్ మార్టిర్ రోమనుల దేవతలు నిజానికి దయ్యాలని వాదించాడు. 4వ శతాబ్దంలో అతనేసియసు వ్రాసిన ఆంథోనీ జీవిత చరిత్రలో దయ్యాలు భయపెట్టగలవే గాని వాటికి స్వంత బలం లేదని బోధ ఉన్నది. అగస్టీను 5వ శతాబ్దారంభంలో దయ్యాల జోస్యంపై ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. దయ్యాలకు చురుకైన ఇంద్రియజ్ఞానం, వేగం, దీర్ఘానుభవం ఉండటం వలన కొన్ని విషయాలు ముందుగా ఊహించగలవనీ, అయితే అవి తరచు పొరబడతాయనీ అతని అభిప్రాయం.

బ్రాగా సభ: 561లో నేటి పోర్చుగల్‌లోని బ్రాగాలో జరిగిన సభ, సాతాను తన స్వంత అధికారంతో ఉరుములు, మెరుపులు, తుఫానులు, అనావృష్టి కలిగిస్తాడనే నమ్మకాన్ని ఖండించింది. ప్రిసిల్లియను అనుచరుల బోధనలకు వ్యతిరేకంగా ఈ తీర్మానం చేయబడింది. కరువు దయ్యాల చేతిలో లేదని ఒక క్రైస్తవ సభ సూటిగా చెప్పిన సందర్భం ఇది.

మధ్య యుగం: 1215లో జరిగిన నాలుగవ లాటరన్ సభ, దయ్యాలు స్వభావరీత్యా మంచివిగానే సృష్టించబడినవనీ, తమంతట తామే చెడిపోయినవనీ ప్రకటించింది. మంచికి ఒక దేవుడు, చెడుకు సమానబలం గల మరొక దేవుడు ఉన్నారనే ద్వైత భావనను దీనితో త్రోసిపుచ్చారు. 13వ శతాబ్దపు థామస్ అక్వినాసు ప్రకారం దయ్యాలు నిజమైన అద్భుతాలు చేయలేవు, హృదయ రహస్యాలను స్వయంగా తెలుసుకోలేవు, మనిషి చిత్తాన్ని బలవంతంగా మార్చలేవు. ఊహలను, ఉద్రేకాలను మాత్రం రెచ్చగొట్టగలవు. 15వ శతాబ్దం చివర వెలువడిన 'మల్లెయుస్ మలెఫికారుం' అనే గ్రంథం దయ్యాలతో ఒప్పందం చేసుకున్న మంత్రగత్తెలు ఉన్నారని వాదించింది. ఇటువంటి భావనల ఆధారంగా ఐరోపాలో తరువాతి రెండు శతాబ్దాలలో వేలాది మంది, ముఖ్యంగా స్త్రీలు, శిక్షించబడి చంపబడ్డారు.

సంస్కరణ తరువాత: లూథరు, కాల్విను ఇద్దరూ సాతాను ఉనికిని గట్టిగా నమ్మారు. దేవుని ఇష్టానికి మించి సాతాను ఏమీ చేయలేడని కాల్విను నొక్కి చెప్పాడు. 1691లో డచ్చి పాదిరీ బల్తసార్ బెక్కరు, దయ్యాలకు ఈ లోక వ్యవహారాలలో జోక్యం చేసుకొనే శక్తి లేదని గ్రంథం వ్రాసి తన పదవిని కోల్పోయాడు. 20వ శతాబ్దంలో రుడాల్ఫ్ బుల్ట్‌మన్ దయ్యాల కథలను ప్రాచీన ప్రపంచ దృష్టిలో భాగంగా భావించి, వాటి అంతరార్థాన్ని వెతకాలని ప్రతిపాదించాడు.

వివిధ శాఖల ఆచరణ

కతోలిక సంఘం 1614లో ప్రకటించిన పూజావిధి, ఒకరికి దయ్యం పట్టిందని గురువు తేలికగా నమ్మరాదని హెచ్చరించింది. ఈ విధి 1999లో సవరించబడింది. 1983 నాటి సంఘ చట్టం ప్రకారం స్థానిక బిషప్పు వంటి అధికారి ప్రత్యేక అనుమతి లేనిదే ఏ గురువూ దయ్యం పట్టినవారిపై ఉచ్చాటన జరపరాదు. సమస్య రోగం కాదని ముందుగా నిర్ధారించుకోవాలని కతోలిక ధర్మోపదేశ గ్రంథం కూడా చెబుతుంది.

ప్రొటెస్టెంటు సంఘాలలో ఆచారం ఒకే విధంగా లేదు. చాలా పాత సంఘాలలో ఉచ్చాటన అరుదు. రోగుల కొరకు ప్రార్థన సాధారణం. పెంతెకోస్తు సంఘాలలో దయ్యాల నుండి విడుదల కొరకు చేసే ప్రార్థనకు ప్రముఖ స్థానం ఉన్నది. నిజమైన విశ్వాసిని దయ్యం పట్టగలదా అనే విషయంపై పెంతెకోస్తు బోధకులలోనే ఏకాభిప్రాయం లేదు. ఒక్కొక్క ఊరిని, ప్రాంతాన్ని ఒక్కొక్క దురాత్మ ఏలుతుందనే వాదం 1980ల తరువాత ప్రచారంలోకి వచ్చింది. దీనికి బైబిలులో తగిన ఆధారం లేదని పలువురు వేదాంతులు విమర్శించారు.

రాయదుర్గం, పరిసర ప్రాంతాలు

రాయదుర్గం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న పీఠభూమిలో ఉన్నది. ఈ ప్రాంతం 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్తమండలాలలో భాగం. రాయదుర్గం తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అనంతపురం జిల్లాలో చేరింది. 1876-78 నాటి మహా కరువు (ధాత కరువు) బళ్ళారి జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది.

ఈ ప్రాంతంలో ప్రొటెస్టెంటు క్రైస్తవానికి మూలం లండన్ మిషనరీ సొసైటీ. ఆ సంస్థకు చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారిలో పని ప్రారంభించాడు. తరువాత గుత్తి, అనంతపురం కూడా ఆ సంస్థ కేంద్రాలయ్యాయి. ఈ సంఘాలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోను, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లోను కలిశాయి.

కరువు వచ్చినప్పుడు గ్రామదేవతకు జాతర చేయడం, కప్పలకు పెళ్ళి చేయడం, విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెలలో ప్రసిద్ధమైన ఆచారాలు. అంటురోగాలను మారెమ్మ వంటి దేవతల కోపంగా భావించేవారు. 'గాలి సోకింది' అనుకున్నవారికి తాయెత్తులు కట్టించేవారు. అనేక మంది మిషనరీలు పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయాన్ని ఆధారం చేసుకొని గ్రామదేవతారాధనను దయ్యాల పూజగా వర్ణించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ విల్బర్ ఎల్మోరు (1915), మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ (1916) దక్షిణాది గ్రామదేవతలపై వివరమైన గ్రంథాలు ప్రచురించారు. భక్తులు ఊరిని కాచే తల్లిగా కొలిచే దేవతను దయ్యం అనడం అవమానకరమనే అభ్యంతరం ఉన్నది. విగ్రహం వట్టిదని అదే పత్రిక 8వ అధ్యాయంలో పౌలు చెప్పిన మాట కూడా ఈ చర్చలో ప్రస్తావనకు వస్తుంది.

సిద్ధాంతపరంగా చూస్తే కరువుకు దయ్యాలను కారణంగా చెప్పడం ప్రధాన క్రైస్తవ బోధకు సరిపడదు. ఏలీయా కాలపు అనావృష్టి దేవుని ఆజ్ఞ వలన కలిగినట్లు బైబిలు చెబుతుంది. నీతిమంతులపైనా, అనీతిమంతులపైనా వాన కురుస్తుందని మత్తయి సువార్త 5వ అధ్యాయం చెబుతుంది. కాబట్టి వాన లేకపోవడాన్ని ఎవరో ఒకరి మంత్రవిద్యకో, పొరుగువారి పూజలకో ఆపాదించడానికి ఈ బోధలో చోటు లేదు.

వైద్యము, చట్టము

దయ్యం పట్టినట్లు భావించబడే లక్షణాలలో చాలా భాగం మూర్ఛరోగం, స్కిజోఫ్రీనియా, తీవ్ర మానసిక ఒత్తిడి వంటి స్థితులలో కనిపిస్తాయని వైద్యశాస్త్రం చెబుతుంది. వీటికి మందులు ఉన్నాయి. చికిత్స ఆలస్యమైన కొద్దీ నష్టం పెరుగుతుంది. 1976లో జర్మనీలో మూర్ఛరోగం గల ఒక విద్యార్థిని నెలల తరబడి ఉచ్చాటన జరిగిన తరువాత పోషకాహార లోపంతో మరణించింది. 1978లో ఆమె తల్లిదండ్రులను, ఇద్దరు గురువులను న్యాయస్థానం దోషులుగా నిర్ణయించింది. ఈ ప్రమాదం ఒక్క మతానికి పరిమితం కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ఆశ్రయంలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో మరణించారు.

రాయదుర్గానికి పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలో 1980లలో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక చికిత్స అందించే ప్రయోగం చేసింది. 'బళ్ళారి నమూనా'గా పేరొందిన ఈ పద్ధతి ఆధారంగానే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. తాయెత్తులు, మంత్రాలతో కొన్ని రోగాలు నయమవుతాయని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

ప్రార్థన, వైద్యం రెండూ కలిసి సాగవచ్చునని ప్రధాన సంఘాలు అంగీకరిస్తాయి. రోగిని కొట్టడం, పస్తులుంచడం, మందులు మాన్పించడం వంటి పనులకు సువార్తలలో ఆధారం లేదు. సువార్త కథనాలలో యేసు దయ్యం పట్టినవారిని మాటతోనే స్వస్థపరిచాడు. గెరాసేనుల దేశపు మనిషిని గొలుసులతో బంధించినది ఊరివారే. స్వస్థత పొందిన తరువాత అతడు తన ఇంటికి పంపబడ్డాడు.

ఇవి కూడా చూడండి

సాతాను
బైబిలు
గ్రామదేవతలు
రాయదుర్గం
దక్షిణ ఇండియా సంఘం