ఊరి పద్దులో ఉద్యానం

నగరంలోని ప్రతి మనిషికీ ఉచితంగా తెరచి ఉండే ఉద్యానాన్ని స్థానిక ప్రభుత్వమే ప్రజల సొమ్ముతో ఏర్పరచి, ఏటేటా తన ఖర్చుతోనే కాపాడుకోవాలన్న ఆలోచనకు రెండు వందల ఏళ్లు ఇంకా నిండలేదు. అంతకు ముందు తోటలు లేకపోలేదు. రాజులు, ప్రభువులు, మఠాధిపతులు పెంచిన తోటలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి, పండుగ పబ్బాలకు వాటిలో కొన్నింటిలోకి సామాన్యులను రానిచ్చేవారు కూడా. అయితే ఆ రానివ్వడం యజమాని దయకు సంబంధించిన విషయమే తప్ప ఊరివారి హక్కు కాదు. ఆయన మనసు మారితే గేటు మూతపడేది. దయగా ఉన్నది హక్కుగా మారి, వీధి దీపం, మురుగుకాలువ సరసన పార్కు కూడా పురపాలక సంఘం ఖర్చులలో ఒకటిగా చేరిన క్రమం ఇంగ్లండు పడమటి తీరంలో, లివర్‌పూల్‌కు ఎదురుగా మెర్సీ నది ఆవలి గట్టున ఉన్న బర్కెన్‌హెడ్ పట్టణ చరిత్రలో స్పష్టంగా కనబడుతుంది.

ఆ క్రమానికి పూర్వరంగం 1833లో ఏర్పడింది. మిల్లులు, గనులు, రేవులు పల్లె జనాన్ని పట్టణాలకు లాక్కొస్తుండగా, పశువులు మేసే, పిల్లలు ఆడుకునే ఉమ్మడి బీళ్లు ఒక్కొక్కటిగా కంచెల వెనక్కి వెళ్లి సొంత ఆస్తులుగా మారిపోతున్న రోజులవి. వారమంతా పొగలో పనిచేసిన కార్మికునికి ఆదివారం నాడు పోదామంటే సారాదుకాణం తప్ప మరో చోటు లేదన్న ఆందోళనతో బ్రిటిష్ పార్లమెంటు రాబర్ట్ స్లేనీ అధ్యక్షతన ఒక విచారణ సంఘాన్ని నియమించింది. నడకకూ విశ్రాంతికీ ప్రజలందరికీ పనికివచ్చే ఖాళీ స్థలాలు పెద్ద పట్టణాలలో ఏపాటి ఉన్నాయో చూడడం దాని పని. ఆ సంఘం చూపిన కారణాలన్నీ కరుణ నుంచి పుట్టినవి కావు. ఆరోగ్యంగా ఉన్న కార్మికుడు బాగా పనిచేస్తాడని, భార్యాపిల్లలతో నలుగురి మధ్య తిరిగేవాడు తాగుడుకూ అల్లరికీ దూరంగా ఉంటాడని పాలకవర్గం లెక్క వేసుకుంది. అయినా పట్టణాలకు ఖాళీ స్థలం అవసరమని చట్టసభ స్థాయిలో ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఒప్పుకున్నంత మాత్రాన డబ్బు పుట్టదు గనుక, డార్బీ పట్టణంలో 1840లో తెరచిన వృక్షోద్యానం జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని దానంతోనే వెలసింది, నిర్వహణ ఖర్చు రాబట్టడం కోసం అక్కడ వారంలో అయిదు రోజులు ప్రవేశ రుసుము వసూలు చేయవలసి వచ్చింది. దాత స్థలం ఇచ్చినా, రేపటి తోటమాలి జీతం ఎవరిస్తారన్న ప్రశ్న అలాగే మిగిలింది.

బర్కెన్‌హెడ్ ఆ ప్రశ్నకు మరో దారిలో సమాధానం వెతికింది. 1801లో 110 మంది మాత్రమే ఉన్న ఆ పల్లె, నదికి అడ్డంగా ఆవిరి పడవలు నడవడం, 1824లో విలియం లేర్డ్ ఇనుప కార్ఖానా పెట్టడం, దాని వెంట ఓడల నిర్మాణం మొదలవడంతో 1831 నాటికి రెండున్నర వేల జనాభాకూ, మరో పదేళ్లకు ఎనిమిది వేలకూ పెరిగింది. వీధులు పరిపించడానికీ, దీపాలు పెట్టించడానికీ, మార్కెట్ నడపడానికీ 1833లో ప్రత్యేక చట్టం ద్వారా ‘ఇంప్రూవ్‌మెంట్ కమిషనర్లు’ అనే పాలకమండలి అక్కడ ఏర్పడింది. నేటి మునిసిపల్ కౌన్సిల్‌కు దాన్ని పూర్వరూపంగా భావించవచ్చు. ఆ మండలి సభ్యుడు ఐజాక్ హోమ్స్ 1841లో పార్కు ప్రతిపాదన తెచ్చాడు. ఊరి పన్నును పార్కు కోసం ఖర్చుపెట్టే అధికారం అప్పటి చట్టాలలో లేనందువల్ల, కమిషనర్లు పార్లమెంటుకు వెళ్లి 1843లో కొత్త చట్టం తెచ్చుకున్నారు. ఆ చట్టం వారికి అప్పు చేసి భూమి కొనే అధికారమిచ్చింది. దానితో పాటు కనీసం 70 ఎకరాలను పట్టణవాసుల ఉచిత విహారానికి శాశ్వతంగా కేటాయించాలన్న షరతు కూడా విధించింది.

కమిషనర్లు 226 ఎకరాలు కొన్నారు. అందులో 125 ఎకరాలను పార్కుకు వదిలి, చుట్టూ మిగిలిన భూమిని ఇళ్ల స్థలాలుగా విడగొట్టి అమ్మాలని నిర్ణయించారు. పార్కు ఎదురుగా ఉన్న స్థలానికి ధర ఎక్కువ పలుకుతుంది, ఆ అదనపు ధరతో పార్కు అప్పు తీరుతుంది, ఆపైన కట్టిన ఇళ్ల నుంచి ఏటా వచ్చే స్థానిక పన్ను నిర్వహణకు తోడవుతుంది అన్నది వారి ఆలోచన. ‘రేటు’ అని పిలిచే ఆ పన్నును ఇంటి అద్దె విలువను బట్టి వేసేవారు, అంటే మన ఇంటిపన్ను వంటిదే. పార్కు వల్ల పెరిగిన విలువలో కొంత భాగాన్ని పార్కుకే తిరిగి రాబట్టే ఈ ఉపాయం తరువాతి కాలంలో అనేక నగరాలకు ఒరవడి అయింది. ఈ పథకంలో దాత ఒక్కడూ లేడు. పట్టణమే అప్పు చేసింది, పట్టణమే పూచీ పడింది, ఆ కారణంగా పార్కు మీద పట్టణానికే అధికారం దక్కింది.

కొన్న నేల మాత్రం తోటకు పనికివచ్చేది కాదు. బంకమట్టితో, నీరు నిలిచి పల్లంగా పడివున్న చిత్తడి భూమి అది. డెవన్‌షైర్ ప్రభువుకు చాట్స్‌వర్త్‌లో తోటల అధిపతిగా ఉన్న జోసెఫ్ పాక్స్‌టన్‌కు 800 పౌండ్ల ప్రతిఫలంతో రూపకల్పన అప్పగించారు. ఒక ప్రభువు సుఖం కోసం సాధించిన నేర్పును ఆయన ఇక్కడ ఓడ కార్మికుల కోసం వినియోగించాడు. చిత్తడిని ఆరబెట్టడానికి నేలలో కాలువలు వేయించి, ఆ నీటిని రెండు చెరువుల్లోకి మళ్లించాడు. చెరువులు తవ్వగా వచ్చిన మట్టిని వాటి గట్ల వెంట గుట్టలుగా పోయించి, చెట్లు నాటించాడు. గట్టున నిలబడిన వానికి చెరువు ఒక్క చూపులో అంతుచిక్కదు; ఒంపు తిరిగిన ప్రతిసారీ ఒక గుట్ట అడ్డు వచ్చి, ఆ వెనుక ఇంకా ఏదో ఉందన్న ఆశ పుడుతుంది. గుర్రపుబండ్ల దారినీ కాలిబాటలనూ వేరు చేయడం వల్ల, బండి కలవాడూ లేనివాడూ ఒకరికొకరు అడ్డం రాకుండా తిరగగలిగారు. మధ్యలో విశాలమైన పచ్చికబయళ్లు ఆటలకు మిగిలాయి. పార్కు లాంఛనంగా తెరవక మునుపే, 1846లో, ఒక క్రికెట్ సంఘం అక్కడ ఆట మొదలుపెట్టింది. పనులను దగ్గరుండి నడిపించిన ఎడ్వర్డ్ కెంప్ తరువాత దశాబ్దాల పాటు పర్యవేక్షకునిగా కొనసాగాడు. తోట వేయడం ఒకనాటి పని అయితే నిలబెట్టడం ఒక మనిషి జీవితకాలం పని అని ఆ పట్టణం మొదట్లోనే గ్రహించినట్లు దీనివల్ల తెలుస్తుంది.

1847 ఏప్రిల్ 5న, కొత్త రేవు ప్రారంభోత్సవం నాడే, పార్కును కూడా లాంఛనంగా తెరిచారు. అదే ఏడాది దేశాన్ని తాకిన ఆర్థిక సంక్షోభం ఇళ్ల స్థలాల అమ్మకాన్ని దెబ్బతీయడంతో, కమిషనర్లు కట్టుకున్న లెక్క అనుకున్నంత వేగంగా ఫలించలేదు, కొన్ని స్థలాలు ఏళ్ల తరబడి ఖాళీగా పడివున్నాయి. అయినా గేటు మూయలేదు, రుసుమూ పెట్టలేదు.

1850లో ఇంగ్లండుకు వచ్చిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అనే అమెరికన్ యువ రైతును, బర్కెన్‌హెడ్‌లో రొట్టెల దుకాణదారు ఒకడు కొత్త పార్కు చూడకుండా వెళ్లవద్దని బతిమాలాడు. తోట అందం కన్నా, అది సాక్షాత్తూ సామాన్యులదే అన్న సంగతి ఓమ్‌స్టెడ్‌ను ఎక్కువగా కదిలించింది. ఎనిమిదేళ్ల తరువాత కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి ఆయన న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేశాడు. ఆ పార్కు భూమి ధరలో సుమారు మూడో వంతును చుట్టుపక్కల స్థలాల యజమానుల నుంచి, పెరగబోయే విలువకు బదులుగా, నగరం వసూలు చేసింది. అయితే ఆ నేలను ఖాళీ చేయించడానికి, నల్లజాతివారు సొంత ఇళ్లు, చర్చీలు కట్టుకున్న సెనెకా విలేజ్ వాసులతో సహా దాదాపు 1,600 మందిని అక్కడి నుంచి వెళ్లగొట్టారు. ప్రజల పార్కు కోసం ప్రజలలోనే కొందరు మూల్యం చెల్లించిన ఈ సంగతిని ఏ పార్కు చరిత్రా దాటవేయరాదు.

బర్కెన్‌హెడ్ తన కోసం ప్రత్యేకంగా తెచ్చుకున్న అధికారం క్రమంగా అన్ని పట్టణాలకూ లభించింది. 1848 నాటి ప్రజారోగ్య చట్టం స్థానిక ఆరోగ్య మండలులకు విహారస్థలాలు ఏర్పరచే అవకాశమిచ్చింది. 1875 నాటి ప్రజారోగ్య చట్టం 164వ సెక్షన్ దాన్ని మరింత స్థిరపరచింది. ఆ పైన కొన్ని దశాబ్దాలలో బ్రిటన్‌లో పార్కు లేని పారిశ్రామిక పట్టణం అరుదైపోయింది. కాని ఆ చట్టాలలో ఒక చిన్న మాట ఉంది. మురుగుకాలువ విషయంలో ‘వేయవలెను’ అన్న చట్టం, పార్కు విషయంలో ‘ఏర్పరచవచ్చును’ అని మాత్రమే అన్నది. మొదటిది విధి, రెండోది వెసులుబాటు. పట్టణాల చేతిలో డబ్బు ఉన్న రోజులలో ఈ తేడా ఎవరికీ పట్టలేదు. రాబడి తగ్గినప్పుడు మాత్రం, విధిగా చేయవలసిన పనులకు డబ్బు కేటాయించిన తరువాత మిగిలిందే పార్కుకు దక్కింది. 1970ల తరువాత కాపలాదార్లు తగ్గారు, గాజు గదులు కూలాయి, చెరువులు పూడిపోయాయి. బర్కెన్‌హెడ్ పార్కుకు కూడా ఆ దుస్థితి తప్పలేదు. ఈ శతాబ్దం మొదట్లో ఒక కోటి పౌండ్లకు పైగా ఖర్చుతో దాన్ని బాగుచేసినప్పుడు, అందులో పెద్ద భాగం లాటరీ రాబడి నుంచి వచ్చింది. 2016లో జరిగిన ఒక దేశవ్యాప్త పరిశీలనలో నూటికి 92 మంది పార్కు నిర్వాహకులు గడచిన మూడేళ్లలో తమ బడ్జెట్ తగ్గిందని చెప్పారు. మరుసటి ఏడాది పార్లమెంటు సంఘం ఒకటి ఈ విషయాన్ని విచారించినా, పార్కుల నిర్వహణను చట్టబద్ధమైన విధిగా చేయాలని సిఫారసు చేయలేదు.

ప్రజల పార్కు అన్న ఆలోచన 1859లోనే మన మద్రాసుకు కూడా చేరింది. గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యాన్ చొరవతో నగరం నడిబొడ్డున 116 ఎకరాలలో పీపుల్స్ పార్కు వెలసింది, కొద్ది ఏళ్లకు మ్యూజియంలోని జంతుశాల కూడా అక్కడికి మారి నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. మ్యూజియాన్ని ‘చచ్చిన కాలేజీ’ అనీ జంతుశాలను ‘బతికిన కాలేజీ’ అనీ మద్రాసు జనం పిలుచుకునేవారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నాడు ఆంధ్ర జిల్లాల నుంచి రాజధానికి పనిమీద వెళ్లినవారు తిరుగురైలు ఎక్కే ముందు చూసివచ్చే వింతలలో అదొకటి. కాని పార్కు నేలను అలాగే ఉంచవలసిన షరతు ఏదీ దాన్ని కాపాడలేకపోయింది. 1880లలో విక్టోరియా పబ్లిక్ హాలు, 1900లో మూర్ మార్కెట్, 1913లో నగరపాలక సంస్థ సొంత కార్యాలయమైన రిపన్ బిల్డింగ్, తరువాత స్టేడియం ఒకదాని వెంట ఒకటి ఆ నేల మీదే లేచాయి. పార్కును కాపాడవలసిన సంస్థే తన కచేరీకి ఆ స్థలాన్ని తీసుకోవడం బాధ కలిగించే సంగతి. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది, జంతుశాల వండలూరుకు తరలిపోయింది.

అదే నగరంలో 1920ల నాటి త్యాగరాయనగర్ మరో విధంగా నడిచింది. మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయ శెట్టి పేరు ఆ పేటకూ, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా పనిచేసిన పానగల్ రాజా పేరు దాని నడిమి పార్కుకూ పెట్టారు, ఇద్దరూ తెలుగువారే. పేటను గీసినప్పుడే పార్కునూ గీయడం వల్ల, చుట్టూ అంగళ్ల రద్దీ ఎంత పెరిగినా పానగల్ పార్కు నిలిచింది.

1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులోని పద్దెనిమిది అంశాలలో పార్కులనూ తోటలనూ ఆటస్థలాలనూ చేర్చింది. అయితే ఆ అధికారాలను మునిసిపాలిటీలకు రాష్ట్ర శాసనసభలు ‘ఇవ్వవచ్చును’ అని 243డబ్ల్యూ అధికరణం అంటుంది. బ్రిటిష్ చట్టంలోని ఆ చిన్న మాటే ఇక్కడా కనబడుతుంది. 2015లో కేంద్రం ప్రారంభించిన అమృత్ పథకం దేశంలోని అయిదు వందల నగరాలలో పార్కుల అభివృద్ధికి సొమ్ము కేటాయించింది, ప్రణాళిక మొత్తంలో రెండున్నర శాతం మించరాదని హద్దు కూడా పెట్టింది. గేటు కట్టడానికీ, బాట వేయడానికీ, మొక్కలు నాటడానికీ ఆ సొమ్ము సరిపోయింది. ఆ మొక్కలకు ఎండాకాలంలో నీళ్లు పోసే మనిషి జీతం మాత్రం ఏటా బడ్జెట్ సమావేశంలో కౌన్సిల్ ముందుకు వస్తూనే ఉంటుంది.