చెవికీ గొంతుకూ నడుమనున్న ద్వారం

గుటక వేసినప్పుడు చెవిలో వినిపించే సన్నని చప్పుడు ఎల్లరకూ అనుభవమే. అది ఒక ద్వారం తెరుచుకొన్న చప్పుడని నిర్ణయించడానికి శతాబ్దాలు పట్టింది.

మేకలు చెవులతో శ్వాసిస్తవన్న అల్కమియోన్ మాటను క్రీ. పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఖండించినాడు. అయినను చెవినుండి అంగిలికి ఒక మార్గమున్నదని ఆయనే అంగీకరించినాడు. ఆ మార్గాన్ని మానవదేహంలో వివరంగా వర్ణించినవాడు ఇటలీ దేశీయుడు బార్తొలొమియో యూస్తాకీ. ఆయన రచన 1564లో వెనిస్ నగరంలో వెలువడింది. కాని 1552 నాటికే ఆయన సిద్ధం చేయించిన 47 రాగిరేకుల చిత్రాలలో అధికభాగం 1714 వరకు లోకం కంట పడలేదు. 1574లోనే ఆయన గతించినాడు.

నాళానికి యూస్తాకీ పేరు పెట్టినవాడు బొలోన్యా పండితుడు వల్‌సాల్వా. 1704 నాటి తన గ్రంథంలో నాళాన్ని తెరిచే కండరాన్ని కూడా ఆయన వర్ణించినాడు.

పెద్దవారిలో ఈ నాళం సుమారు 36 మిల్లీమీటర్ల పొడవుంటుంది. చెవివైపు మూడింట ఒక వంతు ఎముక, తక్కినది మృదులాస్థి. సాధారణంగా ఇది మూసుకొనియే యుంటుంది. అంగిలిని బిగించే కండరం కపాలపు అడుగునా, నాళపు వెలుపలి గోడపైనా పుట్టి క్రిందికి దిగుతుంది. గిలకమీది తాడువలె ఒక చిన్న ఎముక కొక్కెమును చుట్టి మెత్తని అంగిలిలో కలుస్తుంది. గుటకలోనో ఆవలింతలోనో అది ముడుచుకొనగానే నాళం తెరుచుకొంటుంది. అంగిలిని ఎత్తే కండరం దానికి తోడ్పడుతుంది. చీలిన అంగిలితో పుట్టిన శిశువులలో ఈ కండరాల పట్టు తప్పుతుంది. గాలి చేరక చెవిలో నీరు నిలుస్తుంది, వినికిడి తగ్గుతుంది.

నాళం గుటకతోనే తెరుచుకొంటుందని 1853లో లండన్ వైద్యుడు జోసెఫ్ టాయిన్‌బీ నిరూపించినాడు. పదేండ్లకు, 1863లో, వియన్నాలో పొలిట్జర్ ఆ సత్యాన్నే చికిత్సగా మార్చినాడు: రోగి నీరు మింగుతున్న క్షణంలో ముక్కులోనికి గాలి ఊదడం. టాయిన్‌బీకి మాత్రం ఆ ద్వారమే మృత్యుద్వారమైంది. చెవిలో హోరుకు మందు వెదకుతూ, క్లోరోఫారం, హైడ్రోసయనిక్ ఆమ్లాల ఆవిరులను తనమీదనే పరీక్షించుకొంటూ 1866లో ఆయన మరణించినాడు.

నాళానికి యూస్తాకీ పేరు నిలిచింది. అది ఎట్లా తెరుచుకొంటుందని అడిగినవారివల్ల రోగికి మేలు కలిగింది.