క్రిప్టోకరెన్సీ ఎక్స్ఛేంజీల భద్రత

బిట్‌కాయిన్ వంటి క్రిప్టోకరెన్సీలను కొనిపెట్టి, అమ్మిపెట్టి, ఖాతాదారుల తరఫున దాచిపెట్టే సంస్థలను క్రిప్టో ఎక్స్ఛేంజీలంటారు. పనితీరు చూస్తే ఇవి సగం స్టాక్ మార్కెట్, సగం బ్యాంకు. 2010లో ఊపందుకున్న ఈ వ్యాపారంలో భద్రత చరిత్ర చాలావరకు దొంగతనాల చరిత్రే. ఒక్కో దోపిడీ తర్వాత ఒక్కో కొత్త తాళం వచ్చింది. దొంగ ఆ తాళం జోలికి పోకుండా పక్కనున్న కిటికీ వెతుక్కున్నాడు. మొదట్లో తాళంచెవి ఉన్న ఫైలే మాయమయ్యేది. తర్వాత లెక్కలు రాసే ప్రోగ్రాంలోని లొసుగులు, ఆపైన ఉద్యోగుల కంప్యూటర్లు, చివరికి సంతకం పెట్టేవాళ్ల ఎదుట ఉన్న తెర దాడికి గురయ్యాయి.

కీ, చిట్టా

బ్లాక్‌చెయిన్ మీద నాణెం ఎవరిదో తేల్చేది ప్రైవేట్ కీ అనే రహస్య సంఖ్య. దానితో సంతకం చేసిన లావాదేవీని నెట్‌వర్క్ ఒప్పుకుంటుంది, సంతకం పెట్టింది యజమానా దొంగా అని అడగదు. ఒకసారి ఖరారైతే వెనక్కి తిప్పే అధికారం ఎవరికీ లేదు.

ఖాతాదారుడు ఎక్స్ఛేంజీ యాప్‌లో చూసుకునే బ్యాలెన్స్ మాత్రం బ్లాక్‌చెయిన్ మీద ఉండదు. అది కంపెనీ డేటాబేస్‌లో ఒక వరుస, పాత కిరాణా కొట్టు చిట్టాలో పద్దు లాంటిది. కొనుగోళ్లు, అమ్మకాలు ఆ చిట్టాలోనే జరిగిపోతాయి. విత్‌డ్రా చేసినప్పుడే నిజమైన నాణెం కదులుతుంది. కీ పోయినా, చిట్టా తప్పినా పోయేది ఒకటే సొమ్ము. ఈ రెండో ప్రమాదాన్ని తొలి ఎక్స్ఛేంజీలు బాగా తక్కువగా అంచనా వేశాయి.

మౌంట్ గాక్స్

జెడ్ మెకేలబ్ అనే ప్రోగ్రామర్ 2007లో ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే ఆట కార్డుల మార్పిడి కోసం రిజిస్టర్ చేసుకున్న వెబ్ చిరునామా 2010 జులైలో బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజీ అయింది. 2011 మార్చిలో దాన్ని టోక్యోలో ఉంటున్న ఫ్రెంచి ప్రోగ్రామర్ మార్క్ కార్పెలెస్‌కు అమ్మేశాడు. అదే ఏడాది జూన్ 19న ఎవరో అధికారాలున్న ఒక ఖాతాలో జొరబడి లేని బిట్‌కాయిన్లను అమ్మకానికి పెట్టడంతో 17 డాలర్ల చుట్టూ ఉన్న ధర నిమిషాల్లో ఒక సెంటుకు పడింది. దాదాపు 60 వేల మంది ఖాతాల పేర్లు, ఈమెయిళ్లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు బయటపడ్డాయి. వాటిలో కొన్ని ఎండీ5 అనే పాత పద్ధతిలో, సులువుగా ఛేదించగలిగే రూపంలో ఉన్నాయి. అదే పాస్‌వర్డును మరోచోట వాడినవాళ్లకు ఆ ఖాతాలూ ప్రమాదంలో పడ్డాయి.

అసలు గాయం కంపెనీకి తెలియనే లేదు. 2023లో వెల్లడైన అమెరికా ప్రాసిక్యూటర్ల అభియోగపత్రం ప్రకారం దొంగలు 2011 సెప్టెంబరు నాటికే సర్వర్లోకి చేరి, ఏళ్ల తరబడి సుమారు 6,47,000 బిట్‌కాయిన్లు తోడేశారు. చిట్టాలో ఎంత రాసి ఉంది, కీలు దాచే వ్యాలెట్లో ఎంత ఉంది అని రోజూ పోల్చి చూసే లెక్క ఉండి ఉంటే మొదటి వారంలోనే బయటపడాల్సిన సంగతి ఇది. చిన్న చిట్‌ఫండ్ గుమాస్తా కూడా సాయంత్రం గల్లా లెక్క చూడకుండా ఇంటికి పోడు.

2014 ఫిబ్రవరి 7న మౌంట్ గాక్స్ విత్‌డ్రాలు ఆపి, నెపాన్ని బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ మీదకు నెట్టింది. ఖరారు కాకముందు లావాదేవీ గుర్తింపు సంఖ్యను ఎవరైనా మార్చగలిగే లోపం అప్పట్లో నిజంగానే ఉండేది. పాత సంఖ్య కోసం వెతికిన ఎక్స్ఛేంజీ చెల్లింపు జరగలేదనుకుని మళ్లీ పంపే ప్రమాదం ఉంది. కానీ ఆ లోపాన్ని వాడుకుని అంత పెద్దమొత్తం పోయే అవకాశమే లేదని జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు క్రిస్టియన్ డెకర్, రోజర్ వాటన్‌హోఫర్ నెట్‌వర్క్ రికార్డులతో చూపించారు. ఫిబ్రవరి 28న కంపెనీ టోక్యోలో దివాలా రక్షణ కోరింది. పోయినవి 8,50,000 బిట్‌కాయిన్లని చెప్పి, తర్వాత పాత వ్యాలెట్లో 2,00,000 దొరికాయంది. 2019లో కోర్టు కార్పెలెస్‌ను రికార్డులు తారుమారు చేసినందుకు దోషిగా తేల్చి, సొమ్ము స్వాహా ఆరోపణను కొట్టేసింది. బాధితులకు నాణేల చెల్లింపులు 2024 జులైలో మొదలయ్యాయి.

చిట్టాలో లొసుగులు

ముందు కీలు పోయిన రెండు ఉదంతాలు. 2012 మార్చిలో లినోడ్ అనే సర్వర్ అద్దె సంస్థలోకి జొరబడ్డవాళ్లు, అక్కడ సర్వర్లు పెట్టుకున్న బిట్‌కాయినికా అనే ఎక్స్ఛేంజీ నుంచి 43 వేలకు పైగా నాణేలు పట్టుకుపోయారు. అదే దాడిలో 3 వేలకు పైగా పోగొట్టుకున్న చెక్ ప్రోగ్రామర్ మారెక్ పలాటినుస్, తర్వాత ట్రెజర్ అనే తొలి హార్డ్‌వేర్ వ్యాలెట్ తయారీలో భాగస్వామి అయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బిట్‌ఫ్లోర్ 24 వేల బిట్‌కాయిన్లు కోల్పోయింది. అసలు వ్యాలెట్‌కు రక్షణ ఉంది, దాని బ్యాకప్ కాపీకి లేదు.

2014 మార్చి నాటి ఫ్లెక్స్‌కాయిన్ ఉదంతాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే అందులో ఏ కీ పోలేదు. ఒక ఖాతాలో 10 నాణేలు ఉన్నాయనుకుందాం. వాటిని మరో ఖాతాకు పంపమంటే ప్రోగ్రాం బ్యాలెన్స్ చదువుతుంది, సరిపోయిందని నిర్ధారించుకుంటుంది, అవతల 10 కలుపుతుంది, ఇవతల 10 తీసేస్తుంది. చదవడానికీ తీసెయ్యడానికీ మధ్య రెప్పపాటులో వందోవంతు సందు ఉంటుంది. ఆ సందులో ఒకేసారి వేల అభ్యర్థనలు వచ్చి పడితే ప్రతిదానికీ పాత బ్యాలెన్సే కనబడుతుంది. ఉన్నవి 10 అయినా అవతలి ఖాతాలో వందలు పోగవుతాయి. ఇలా చిట్టాలో పుట్టించిన నాణేలను విత్‌డ్రా చేసుకుని దొంగ 896 బిట్‌కాయిన్లతో వెళ్లిపోయాడు, కంపెనీ మూతపడింది. అదే నెలలో పోలోనియెక్స్‌లోనూ ఇదే జాతి లోపం బయటపడి 12.3 శాతం బిట్‌కాయిన్లు పోయాయి. నష్టాన్ని ఖాతాదారులందరి బ్యాలెన్స్‌లలో కోసేసి, తర్వాత తిరిగి చెల్లించారు. ఒక ఖాతా మీద పని నడుస్తుండగా రెండోది ముట్టుకోకుండా డేటాబేస్‌లో తాళం వేయడం బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దశాబ్దాల కిందటే నేర్చుకున్న విద్య. కొత్త వ్యాపారం దాన్ని డబ్బు కట్టి మళ్లీ నేర్చుకుంది.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2022 ఫిబ్రవరిలో కాయిన్‌బేస్ కొత్త ట్రేడింగ్ సదుపాయంలో అమ్మేవాడి ఖాతాలో ఉన్న కరెన్సీ, అమ్ముతున్న కరెన్సీ ఒకటేనా అని చూసే తనిఖీ తప్పిపోయింది. వంద షిబా ఇను నాణేలున్నవాడు, అభ్యర్థనలో ఖాతా సంఖ్య మార్చి వంద బిట్‌కాయిన్ల అమ్మకపు ఆర్డరు పెట్టగలిగేవాడు. షిబా ఇను విలువ పైసలో చిన్న ముక్క. దీన్ని కనిపెట్టిన పరిశోధకుడు సొమ్ము చేసుకోకుండా కంపెనీకి చెప్పి 2,50,000 డాలర్ల బహుమతి అందుకున్నాడు. లోపాలు పట్టిచ్చినవాళ్లకు పారితోషికమిచ్చే బగ్ బౌంటీ పద్ధతికి ఇంతకన్నా గట్టి సమర్థన అక్కర్లేదు.

లోపం సొంత కోడ్‌లోనే ఉండాలనీ లేదు. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే, విస్తృతంగా వాడే జావా లైబ్రరీలో లోపం బయటపడిన రోజుల్లోనే వియత్నాంకు చెందిన ఓనస్ సర్వర్లోకి దాని గుండా జొరబడ్డారు. 50 లక్షల డాలర్లు అడిగి, ఇవ్వకపోయేసరికి దాదాపు 20 లక్షల మంది వివరాలను అమ్మకానికి పెట్టారు.

వేడి వ్యాలెట్, చల్లని వ్యాలెట్

మౌంట్ గాక్స్ తర్వాత రెండు కట్టుబాట్లు వాడుకలోకి వచ్చాయి. రోజువారీ చెల్లింపులకు సరిపడా సొమ్మును మాత్రమే ఇంటర్నెట్‌కు కలిపిన ‘హాట్ వ్యాలెట్’లో ఉంచి, మిగతాది కీ ఇంటర్నెట్ ముఖమే చూడని ‘కోల్డ్ వ్యాలెట్’లో ఉంచడం ఒకటి. సొమ్ము కదలాలంటే ఇద్దరు ముగ్గురి సంతకాలు కావాలనే మల్టీసిగ్ రెండోది.

మల్టీసిగ్ ఉన్నా 2016 ఆగస్టులో హాంగ్‌కాంగ్‌లోని బిట్‌ఫినెక్స్ సుమారు 1,19,754 బిట్‌కాయిన్లు పోగొట్టుకుంది. ఖాతాదారులందరికీ 36 శాతం కోత పెట్టింది. 2022లో అమెరికా అధికారులు 94 వేల బిట్‌కాయిన్లను స్వాధీనం చేసుకుని న్యూయార్క్ దంపతులను అరెస్టు చేశారు. అప్పటికి వాటి విలువ 360 కోట్ల డాలర్లు. జపాన్‌లో కాయిన్‌చెక్ కట్టుబాట్లు రెండూ పాటించలేదు. 2018 జనవరి 26న హాట్ వ్యాలెట్లోంచి 52 కోట్లకు పైగా నెమ్ నాణేలు, అంటే దాదాపు 5,800 కోట్ల యెన్‌లు పోయాయి. దాని ఫలితంగా జపాన్ చట్టాన్ని సవరించి, ఖాతాదారుల ఆస్తుల్లో కనీసం 95 శాతాన్ని ఆఫ్‌లైన్‌లో ఉంచాలని 2020 మే నుంచి నిర్బంధించింది.

కోల్డ్ వ్యాలెట్ అన్న మాటను అడ్డం పెట్టుకున్న ఉదంతమూ ఉంది. కెనడా ఎక్స్ఛేంజీ క్వాడ్రిగా అధిపతి జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో జైపూర్‌లో చనిపోయాడు. కీలు అతనొక్కడికే తెలుసు కాబట్టి సొమ్ము బయటకు రాదని కంపెనీ చెప్పింది. తీరా తెరిచి చూస్తే ఆ వ్యాలెట్లు చాలావరకు ఖాళీ. అది మోసమని ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2020లో తేల్చింది.

ఖాతాదారుడి గుమ్మం

కంపెనీ ఖజానా ఎంత గట్టిదైనా ఒక్కో ఖాతాకు ఒక్కో గుమ్మం ఉంటుంది. పాస్‌వర్డు చాలదని తెలిశాక ఎస్సెమ్మెస్ ఓటీపీ వచ్చింది. అప్పుడు దొంగలు మొబైల్ కంపెనీ సిబ్బందిని బోల్తా కొట్టించి, బాధితుడి నంబరును తమ సిమ్ మీదకు మార్చుకోవడం మొదలుపెట్టారు. 2021లో కాయిన్‌బేస్‌లో ఎస్సెమ్మెస్ ద్వారా ఖాతా తిరిగి తెరిచే పద్ధతిలోనే లోపం దొరకడంతో కనీసం 6 వేల మంది నష్టపోయారు. పాస్‌వర్డులు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు దొంగల చేతికి ముందే చిక్కాయి, చివరి మెట్టుకు ఈ లోపం ఉపయోగపడింది. ఫోన్‌లోనే సంకేతం తయారుచేసే అథెంటికేటర్ యాప్ సిమ్ మార్పిడికి లొంగదు. నకిలీ వెబ్‌సైటులో ఆ సంకేతాన్ని మనమే టైపు చేస్తే మాత్రం లొంగుతుంది. వెబ్ చిరునామాను కూడా సరిచూసే పాస్‌కీలు, భద్రతా కీ పరికరాలు అందుకే వచ్చాయి.

2019 మే 7న బైనాన్స్ 7 వేల బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నది ఖాతాదారుల ఏపీఐ కీలు (ప్రోగ్రాం ద్వారా ఖాతా నడిపే సంకేతాలు), ఓటీపీలు పోగుచేసుకున్నవాళ్లకే. నష్టాన్ని అంతకుముందు ఏడాది ఫీజుల్లోంచి పక్కనపెట్టడం మొదలుపెట్టిన సాఫు అనే నిధి భరించింది. కాపీ చేసిన వ్యాలెట్ చిరునామాను అతికించేలోపు మార్చేసే వైరస్‌లూ ఉన్నాయి. నలభై దాకా అక్షరాల చిరునామాలో మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి తృప్తిపడే అలవాటును అవి నమ్ముకుంటాయి. ముందుగా నమోదు చేసిన చిరునామాలకే విత్‌డ్రా, కొత్త చిరునామా చేరిస్తే 24 గంటల నిరీక్షణ వంటి నిబంధనలు ఖాతాదారులకు విసుగు తెప్పించినా, పోయే సొమ్మును గుమ్మంలో ఆపగలిగేవి అవే.

తెర మీద ఒకటి, సంతకం మరొకటి

2024 నుంచి జరిగిన కొన్ని పెద్ద దోపిడీల్లో కీలు ఎవరూ ఎత్తుకుపోలేదు. యజమానుల చేతే సంతకం పెట్టించుకున్నారు. జపాన్‌కు చెందిన డీఎంఎం బిట్‌కాయిన్ 2024 మేలో 4,502 బిట్‌కాయిన్లు కోల్పోయింది. దాని వ్యాలెట్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఉద్యోగికి లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం ఆశ చూపి, పరీక్ష పేరుతో హానికర కోడ్ పంపారని ఎఫ్‌బీఐ వెల్లడించింది. ఆ ఎక్స్ఛేంజీ తర్వాత మూతపడింది.

దుబాయ్ కేంద్రంగా నడిచే బైబిట్‌లో 2025 ఫిబ్రవరి 21న జరిగింది ఇప్పటివరకు అతిపెద్దది. కోల్డ్ వ్యాలెట్లోంచి రోజువారీ వాడే వ్యాలెట్‌కు ఈథర్ అనే క్రిప్టోకరెన్సీని మార్చడం వాళ్లకు మామూలు పనే. సంతకందారులు సేఫ్ అనే సంస్థ వెబ్ తెర మీద చిరునామా చూశారు, సరిగ్గానే ఉంది. చేతిలోని హార్డ్‌వేర్ పరికరం చూపింది మనిషి చదవలేని సంకేతాల వరుస, దాన్ని ఒప్పుకున్నారు. అంతకు రెండు రోజుల ముందే సేఫ్ డెవలపర్ కంప్యూటర్ ద్వారా ఆ తెర నడిపే జావాస్క్రిప్ట్‌ను మార్చేసి ఉంచారు. బైబిట్ వ్యాలెట్ కనబడినప్పుడే మేల్కొనేలా దాన్ని రాశారు. తెర మీద ఉన్నది బదిలీ, సంతకం పడింది వ్యాలెట్ కోడ్‌నే మార్చే ఆదేశం మీద. 4 లక్షల ఈథర్, దాదాపు 150 కోట్ల డాలర్లు పోయాక రెండు నిమిషాల్లో ఆ స్క్రిప్టు మళ్లీ మామూలు రూపానికి వచ్చింది. ఇది ఉత్తర కొరియా పని అని ఎఫ్‌బీఐ ఐదు రోజుల్లో ప్రకటించింది. లావాదేవీ అసలేం చేస్తుందో పరికరం తెర మీదే చదవదగిన భాషలో చూపించాలన్న ప్రయత్నాలు దీనితో ఊపందుకున్నాయి.

భారతదేశంలో

ఢిల్లీలోని కాయిన్‌సెక్యూర్ నుంచి 2018 ఏప్రిల్‌లో 438 బిట్‌కాయిన్లు పోయాయి. కంపెనీ తన భద్రతాధికారి మీదే అనుమానంతో పోలీసులకు ఫిర్యాదు చేసింది. అదే నెలలో క్రిప్టో వ్యాపారాలకు సేవలందించవద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఆ ఆదేశాన్ని 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు సైబర్ దాడిని ఆరు గంటల్లో తెలియజేయాలని, 2023 మార్చి ప్రకటన మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి రావాలని ఎక్స్ఛేంజీలకు చెప్పాయి. ఖాతాదారుల సొమ్ములో ఎంత శాతం ఆఫ్‌లైన్‌లో ఉండాలో చెప్పే జపాన్ తరహా నిబంధన వీటిలో లేదు.

2024 జులై 18న వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 2,000 కోట్ల రూపాయలు పోయాయి. మల్టీసిగ్ వ్యాలెట్‌కు ఆరుగురు సంతకందారులు, వాళ్లలో ఐదుగురు కంపెనీవాళ్లు, ఒకరు లిమినల్ అనే కస్టడీ సంస్థ తరఫువారు. తెర మీద కనబడిన దానికీ సంతకం పడిన దానికీ తేడా ఉందని కంపెనీ చెప్పింది. తప్పు ఎవరి వైపుందో రెండు సంస్థలూ ఒకదానిమీద ఒకటి తోసుకున్నాయి. ఖాతాదారుల విత్‌డ్రాలు ఆగిపోయి, వ్యవహారం సింగపూర్ హైకోర్టుకు చేరింది. 2025 అక్టోబరులో కోర్టు చెల్లింపు ప్రణాళికను ఆమోదించింది. అదే ఏడాది జులైలో కాయిన్‌డీసీఎక్స్ సొంత నిర్వహణ ఖాతా నుంచి 4.4 కోట్ల డాలర్లు పోగా, నష్టాన్ని కంపెనీయే భరించింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 2025 మేలో కాయిన్‌బేస్ వెల్లడించిన ఉదంతంలో ఏ సాఫ్ట్‌వేర్ లోపమూ లేదు. విదేశాల్లోని కస్టమర్ సపోర్ట్ ఏజెంట్లకు లంచమిచ్చి 69 వేల మందికి పైగా ఖాతాదారుల వివరాలు తీసుకున్నారు. ఆ వివరాలతో కంపెనీ పేరు చెప్పి ఖాతాదారులకు ఫోన్లు చేయడం వాళ్ల పథకం. 2 కోట్ల డాలర్లు అడిగితే కంపెనీ ఇవ్వనని చెప్పి, అంతే మొత్తాన్ని నేరస్థుల ఆచూకీ చెప్పినవాళ్లకు బహుమతిగా ప్రకటించింది. ఆ సంస్థ మాజీ ఏజెంట్ ఒకరిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారని 2025 డిసెంబరులో సీఈవో బ్రయాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రకటించాడు.