లండనులో మన ధాన్యకటకం

లండను వెళ్ళినవారు చూడవలసిన వాటి జాబితా అందరికీ తెలిసినదే: టవరు కోట, వెస్ట్‌మినిస్టరు, గడియారపు గోపురం, థేమ్స్ మీది వంతెన. అవన్నీ నేనూ చూచాను. వ్రాసినవారు చాలామందే ఉన్నారు గనుక వాటి జోలికి పోను. తెనాలి-రేపల్లె దారిలోని జంపని వాడినైన నన్ను ఆ నగరంలో కదలనీయకుండా నిలబెట్టినది బ్రిటిష్ మ్యూజియంలోని 33ఎ గది. అక్కడ అద్దాల వెనుక ఉన్నవి అమరావతి స్తూపపు శిల్పాలు.

వాటికి చాలాకాలం 'ఎలియట్ మార్బుల్స్' అని పేరు. నిజానికి అది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. ఆ రాయికి చేటు తెచ్చినదీ ఆ గుణమే. కాలిస్తే సున్నమవుతుంది మరి! పద్ధెనిమిదవ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించినప్పుడు దీపాలదిన్నెను ఇటుకల కోసం త్రవ్వారు. 1797లో దానిని చూచి వెళ్ళిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు వెలసింది. ఆయన మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. కొన్ని రాళ్ళకు నేడు ఆ బొమ్మలే ఆనవాలు.

1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలు అక్కడ ఏండ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో లండనుకు పంపితే అక్కడా అదే గతి. ఒక బండ్లశాలలో మరుగున పడ్డాయి. 1860లలో జేమ్స్ ఫెర్గూసన్ కంటబడి, 1868లో ఆయన గ్రంథానికి ఎక్కాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. తరువాతి కాలంలో నేలమాళిగలో కొన్ని దశాబ్దాలు గడిపి, 1992లో తమకంటూ ఒక గది పొందాయి.

అన్నిటిలోను నన్ను ఎక్కువసేపు నిలిపినది ఒక పలక. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలో దాని ఒక ముఖాన బోధివృక్షాన్ని అర్చించే భక్తులను చెక్కారు. బుద్ధుడు మనిషి రూపంలో లేడు, ఖాళీ ఆసనమే ఉన్నది. సుమారు మూడు వందల ఏండ్ల తరువాత అదే రాతిని త్రిప్పి రెండవ వైపున మహాస్తూపాన్నే చెక్కారు: ప్రాకారం, ద్వారం మీది సింహాలు, వరుసగా ఐదు ఆయక స్తంభాలు, పైన అండం. మూలకట్టడం పోయింది; అది ఎలా ఉండేదో చెప్పడానికి ఈ పలక మిగిలింది.

దోచుకుపోయారని అనడం తేలిక. గ్రీకులు తమ శిల్పాలను ఆ మ్యూజియం నుండి దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు, మనమూ గట్టిగా అడగవలసిందేనని నా అభిప్రాయం. కాని మా రైలుమార్గంలోనే ఉన్న భట్టిప్రోలును తలచుకొంటే నోరు కొంచెం తడబడుతుంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ అక్షరాలు చెక్కిన ధాతుకరండాలను వెలికితీసే నాటికే స్తూపపు ఇటుకలు చాలావరకు రోడ్ల పాలయ్యాయి. అవి ఏ లండనుకూ పోలేదు, మన కాళ్ళ క్రిందనే నలిగిపోయాయి.

అమరావతి శిల్పాలలో పెద్ద వాటా చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నది. దానికి వీసా అక్కరలేదు. తెనాలిలో రాత్రి రైలెక్కితే చాలు.