ప్రజారోగ్య రికార్డుల విశ్లేషణకు డేటా వేర్‌హౌస్: జిల్లా మారిన దొరవారిసత్రం లెక్కలు

2022 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రంలోని జిల్లాల సంఖ్య 13 నుండి 26కు పెరిగినపుడు దొరవారిసత్రం మండలం శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేర్చబడింది. మండలంలోని గ్రామాలు, ఆరోగ్య ఉపకేంద్రాలు, ఎ.ఎన్.ఎం.ల రిజిస్టర్లు ఉన్నచోటనే ఉన్నాయి. అయితే అక్కడ వేసిన ప్రతి టీకా, నమోదైన ప్రతి ప్రసవం, ప్రతి జ్వరం కేసు ఆనాటి నుండి మరొక జిల్లా మొత్తంలో కలవవలసి వచ్చింది. ఇటువంటి మార్పు జరిగినపుడు పాత లెక్కను, కొత్త లెక్కను ఒకే కొలమానంపై నిలిపి చూపవలసిన బాధ్యత డేటా వేర్‌హౌస్ సాఫ్ట్‌వేర్‌ది. దాని పనితీరు, చరిత్ర, అది ఇచ్చే అంకెలను చదివేటపుడు పాటించవలసిన జాగ్రత్తలు పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ వివరించడమైనది.

డేటా వేర్‌హౌస్ అనగా

ఆసుపత్రిలో ఓ.పి. చీటీ రాయడానికి, టీకా నమోదు చేయడానికి వాడే కంప్యూటర్ వ్యవస్థ ఆ క్షణపు పనిని పూర్తిచేయడానికి ఉద్దేశించినది. "గత అయిదేళ్లలో వానాకాలంలో అతిసారం ఏ మండలంలో పెరిగింది" అన్న ప్రశ్నకు అది సులభంగా జవాబు ఇవ్వలేదు. అందుకు వేర్వేరు వ్యవస్థల నుండి రికార్డులను తెచ్చి, శుద్ధిచేసి, కాలక్రమంలో చెరిపివేయకుండా నిల్వచేసే ప్రత్యేక గిడ్డంగి అవసరం. ఈ భావనకు 1990 దశకంలో అమెరికాకు చెందిన బిల్ ఇన్‌మన్, రాల్ఫ్ కింబాల్ రచించిన గ్రంథాలు ప్రామాణిక రూపం ఇచ్చాయి.

ఈ గిడ్డంగిలో ప్రతి అంకెకు కనీసం మూడు గుర్తులు ఉంటాయి. అది దేని లెక్క, ఏ స్థలానిది, ఏ కాలానిది అన్నవే ఆ మూడు. ఈ మూడింటిలో దేనిని మార్చినా సాఫ్ట్‌వేర్ కొత్త పట్టిక తయారుచేసి ఇస్తుంది. "దేని లెక్క" అన్నదానికి ఒకే నిర్వచనం ఖాయం చేయడం కష్టమే అయినా ఒకసారి చేస్తే సరిపోతుంది. కాలం గుర్తుతో పెద్దగా చిక్కులేదు. చిక్కంతా స్థలంతోనే.

పేరు విషయమే చూడవచ్చు. మండలం అధికారిక నామం దొరవారిసత్రం. గూడూరు - చెన్నై రైలుమార్గంలోని స్టేషన్ పేరు దొరవారి ఛత్రం. వాడుకలో డి.వి.సత్రం. చదివేవారికి ఇవన్నీ ఒక్కటే అయినా కంప్యూటర్‌కు ఇవి మూడు వేర్వేరు ఊళ్లు. అందుచేత పేరుతో గాక సంకేత సంఖ్యతో స్థలాన్ని గుర్తించే పద్ధతి వచ్చింది. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి ఒక ప్రత్యేక సంఖ్యను కేటాయిస్తుంది.

కుప్పంలో తొలి ప్రయత్నం

ప్రజారోగ్య రంగంలో ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లలో ప్రపంచమంతటా అధికంగా వాడుకలో ఉన్నది డి.హెచ్.ఐ.ఎస్. వర్ణవివక్ష అంతమైన తరువాత దక్షిణాఫ్రికాలో 1990 దశకం మధ్యలో ఇది పుట్టింది. అంతకుముందు ఆ దేశంలో 14 వేర్వేరు ఆరోగ్యశాఖలు ఉండేవి. వాటిని కలిపి కొత్తగా ఆరోగ్య జిల్లాలను ఏర్పాటు చేసినపుడు, పాత శాఖల లెక్కలను కొత్త సరిహద్దులకు సరిపెట్టడం పెద్ద సమస్య అయింది. సరిహద్దులు మారిన దేశంలో పుట్టిన సాఫ్ట్‌వేర్ కనుకనే స్థలం విషయంలో దానికి మొదటినుండి శ్రద్ధ ఎక్కువ. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం దీని అభివృద్ధికి కేంద్రమైంది.

భారతదేశంలో ఈ కృషి 2000 సంవత్సరంలో చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో ప్రారంభమైంది. ఆనాటి సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌పై నడిచేది, విశ్లేషణ ఎక్సెల్ పట్టికలలో జరిగేది. కంప్యూటర్ కొరత, విద్యుత్ కోతల కంటే పెద్ద ఇబ్బంది మరొకటి అక్కడ బయటపడింది. ఒకే సమాచారాన్ని వేర్వేరు కార్యక్రమాల కోసం వేర్వేరు నమూనాలలో పదేపదే రాయవలసి రావడం క్షేత్రస్థాయి సిబ్బందికి భారమైంది. కాగితంపై ఉన్న ఈ అస్తవ్యస్తతను సరిదిద్దకుండా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అస్తవ్యస్తతే వేగవంతమవుతుందన్నది కుప్పం అనుభవం. ఆ తరువాత ఇంటర్నెట్‌పై నడిచే రెండవ తరం డి.హెచ్.ఐ.ఎస్.2 తొలిసారిగా 2006లో కేరళలో వాడుకలోకి వచ్చింది. ఇది ఉచితంగా లభించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. నేడు 70కి పైగా దేశాలు దీనిని వాడుతున్నాయి.

మండలం నుండి వెళ్లే లెక్కలు

ఒక మండలం నుండి వెళ్లే ఆరోగ్య సమాచారం ఒకే కాలువలో ప్రవహించదు. నెలవారీ సేవల లెక్కలు 2008 అక్టోబరులో ప్రారంభమైన కేంద్ర హెచ్.ఎం.ఐ.ఎస్. పోర్టల్‌కు చేరతాయి. గర్భిణులను, శిశువులను పేరుపేరునా అనుసరించే పద్ధతి 2009 డిసెంబరులో ఎం.సి.టి.ఎస్.గా మొదలై, అనంతరం ఆర్.సి.హెచ్. పోర్టల్‌గా మారింది. క్షయ రోగుల వివరాలు 2012 నుండి నిక్షయ్‌లో నమోదవుతున్నాయి. అంటువ్యాధుల నిఘాకు 2004లో ప్రారంభమైన ఐ.డి.ఎస్.పి. కింద ఆరోగ్య కార్యకర్తలు, వైద్యులు, ప్రయోగశాలలు ఎస్, పి, ఎల్ అనే మూడు నమూనాలలో వారం వారం నివేదికలు పంపేవారు. 2018 నవంబరు 26న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు సహా ఏడు రాష్ట్రాలలో దాని స్థానంలో ఐ.హెచ్.ఐ.పి. ప్రవేశపెట్టబడింది, 2021 ఏప్రిల్ 5న అది దేశమంతటికీ విస్తరించింది.

వీటిలో ఏ ఒక్కటీ మిగిలినవాటితో దానంతటదే మాట్లాడదు. ఒక గర్భిణికి క్షయ ఉన్నట్లయితే ఆమె వివరాలు రెండుచోట్ల ఉంటాయి. ఆ రెండూ ఒకరివేనని తెలుసుకోవడం వేర్‌హౌస్‌కు అప్పగించిన పని.

పశుసంవర్ధక శాఖ రికార్డులను కూడా జతచేయవలసిన ప్రాంతం ఇది. పులికాట్ సరస్సుకు సమీపంలో, ఈ మండలంలోనే ఉన్న నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రానికి ఏటా శీతకాలంలో గూడబాతులు, ఇతర నీటిపక్షులు వేలసంఖ్యలో వస్తాయి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోని పొదలకూరు, కోవూరు మండలాలలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ అయింది. కోళ్ల మరణాల లెక్క ఒక శాఖ వద్ద, మనుషుల జ్వరాల లెక్క మరొక శాఖ వద్ద ఉన్నపుడు గ్రామం, వారం అనే రెండు గుర్తులే ఆ రెండింటినీ కలపగలవు.

సరిహద్దు మారినపుడు ఏమి జరుగుతుంది

2022 పునర్విభజనలో నెల్లూరు జిల్లా దక్షిణాన ఉన్న గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు, వెంకటగిరి ప్రాంతంలోని కొంతభాగం తిరుపతి జిల్లాకు వెళ్లాయి. ఉత్తరాన ప్రకాశం జిల్లా నుండి కందుకూరు ప్రాంతం నెల్లూరులోకి వచ్చింది. (1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు నెల్లూరు నుండి వెళ్లిన కందుకూరే 52 ఏళ్ల తరువాత తిరిగి వచ్చిందన్నది గమనార్హం.) ఒకవైపు కోత, మరొకవైపు చేరిక. కనుక మొత్తం అంకెలో మార్పు స్వల్పంగా కనిపించవచ్చు. ప్రమాదం అక్కడే ఉంది. పెద్ద మార్పు వస్తే ఎవరైనా అనుమానిస్తారు, చిన్న మార్పును నిజమని నమ్ముతారు.

లెక్క అర్థం కావడానికి మాత్రమే ఒక ఊహాజనిత ఉదాహరణ చూడవచ్చు. పాత జిల్లాలో ఏడాదికి 100 డెంగీ కేసులు ఉన్నాయనుకుందాం. వాటిలో 30 దక్షిణ మండలాలవి. కొత్తగా వచ్చిన ఉత్తర మండలాలలో 20 కేసులు ఉన్నాయి. మరుసటి ఏడాది ఏ గ్రామంలోనూ ఒక్క కేసు తగ్గకపోయినా, పెరగకపోయినా జిల్లా మొత్తం 90 అవుతుంది. "జిల్లాలో డెంగీ 10 శాతం తగ్గుముఖం" అన్న శీర్షిక రాయడానికి అదే చాలు.

సాఫ్ట్‌వేర్ దీనిని రెండు విధాలుగా పరిష్కరించగలదు. మొదటి విధానంలో మండలాన్ని కొత్త జిల్లా కిందికి మార్చగానే దాని గత చరిత్ర అంతా వెంట వెళ్తుంది. డి.హెచ్.ఐ.ఎస్.2లో సాధారణంగా జరిగేది ఇదే. అప్పుడు 2015 నాటి దొరవారిసత్రం టీకాలు కూడా తిరుపతి జిల్లా ఖాతాలోనే కనిపిస్తాయి. ధోరణిని పోల్చడానికి ఇది అనువైనది. అయితే ఆనాడు అచ్చయిన నెల్లూరు జిల్లా వార్షిక నివేదికతో ఈ అంకె సరిపోలదు. రెండవ విధానంలో ప్రతి మండలానికి "ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు ఫలానా జిల్లా" అన్న గుర్తు ఉంచుతారు. అప్పుడు పాత నివేదికలు యథాతథంగా నిలుస్తాయి. నాటి నిధుల వినియోగం, నాటి అధికారుల జవాబుదారీతనం పరిశీలించడానికి ఇదే సరైనది. రెండు అంకెలూ సత్యమే, అవి జవాబిచ్చే ప్రశ్నలు మాత్రం వేరు. కనుక ఏ జిల్లా గణాంకాన్ని ఇచ్చినా అది ఏ తేదీనాటి సరిహద్దుల ప్రకారం లెక్కించినదో పట్టిక కిందనే పేర్కొనడం అవసరం. పేర్కొనని పట్టికను 2022కు ముందు, తరువాతి సంవత్సరాల మధ్య పోలికకు వాడరాదు.

అన్నిటికంటే భద్రమైన మార్గం మూల సమాచారాన్ని ఉపకేంద్రం, గ్రామం స్థాయిలోనే నిల్వచేయడం. అలా చేస్తే జిల్లా ఏదైనా ఎప్పుడైనా కూడవచ్చు. జిల్లా మొత్తాన్ని మాత్రమే భద్రపరిచితే దానిని తిరిగి విడదీయడం ఎవరివల్లా కాదు.

పుట్టినింటి పురుడు

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, 21 రోజులలోగా తెలియజేయాలి. తొలికాన్పుకు ఆడపడుచు పుట్టినింటికి వెళ్లడం తెలుగునాట ఆచారం. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై నాయుడుపేట, సూళ్లూరుపేటల నడుమ ఉన్న ఈ మండలం గర్భిణులు నెల్లూరుకు, తిరుపతికి, చెన్నైకి కూడా ప్రసవానికి వెళ్లగలరు. చెన్నైలో పుట్టిన శిశువు తమిళనాడు లెక్కలో చేరుతుంది. తిరిగి వచ్చాక టీకాలు మాత్రం ఇక్కడ నమోదవుతాయి. అందుచేత ఒక మండలంలో జననాల కంటే టీకా పొందిన శిశువులు ఎక్కువగా కనిపించడం, టీకా శాతం నూరు దాటడం అసంభవమేమీ కాదు. అటువంటి అంకె కనిపించినపుడు దానిని విజయంగా గాని, తప్పుడు లెక్కగా గాని వెంటనే నిర్ణయించరాదు. కదులుతున్న వాహనంలో జననం జరిగితే వాహనం మొదట ఆగిన చోటనే నమోదు చేయాలన్నది నిబంధన. రహదారి పక్క మండలాలకు ఇదీ వర్తిస్తుంది.

నివాస స్థలం, సంఘటన స్థలం అనే రెండు గడులను వేరుగా ఉంచిన వేర్‌హౌస్ మాత్రమే ఈ చిక్కును విప్పగలదు.

ఖాళీకి, సున్నాకు తేడా

నివేదికలో సున్నా అంటే కేసు లేదని అర్థం. ఖాళీ అంటే సమాచారం రాలేదని అర్థం. సాఫ్ట్‌వేర్ రెండింటినీ కూడిక కోసం ఒకేలా చూసిందంటే నివేదిక పంపని ఉపకేంద్రం ఆరోగ్యవంతమైన ఉపకేంద్రంగా కనిపిస్తుంది. కనుక కేసుల సంఖ్యతోపాటు ఎన్ని కేంద్రాలు నివేదించవలసి ఉండగా ఎన్ని నివేదించాయో అడిగి తెలుసుకోవాలి.

గోప్యత

జిల్లా స్థాయిలో అంకె సంఖ్య మాత్రమే. గ్రామ స్థాయిలో "1" అనే అంకె ఒక మనిషి. ఒక చిన్న గ్రామంలో ఒక హెచ్.ఐ.వి. కేసు ఉన్నట్లు ప్రచురిస్తే పేరు రాయనవసరం లేకుండానే ఆ వ్యక్తి ఎవరో ఊరికి తెలిసిపోతుంది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం రోగి సమ్మతి లేకుండా ఈ వివరాలు వెల్లడించడాన్ని నిషేధిస్తున్నది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. గ్రామస్థాయి వివరాలు విశ్లేషణకు అవసరమే గాని, బహిరంగ పట్టికలలో చిన్న అంకెలను మరుగుపరచడం లేదా పొరుగు గ్రామాలతో కలిపి చూపడం సముచితం.

హారం సమస్య

రేటు లెక్కించడానికి జనాభా కావాలి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. మండలాల జనాభాకు ఆధారం 2011 లెక్కలే. అవి దొరవారిసత్రం నెల్లూరు జిల్లాలో ఉన్ననాటివి. గ్రామాల వారీగా కూడి కొత్త జిల్లా జనాభాను రాబట్టవచ్చు గాని, ఆ తరువాతి సంవత్సరాల పెరుగుదల అంచనాయే అవుతుంది. 2027 జనగణనకు కేంద్రం 2025 జూన్ 16న నోటిఫికేషన్ జారీచేసింది. ఆ లెక్కలు వెలువడే వరకు "లక్ష జనాభాకు ఇంత" అని ఇచ్చే ప్రతి గణాంకంతోపాటు ఏ సంవత్సరపు జనాభా వాడినదీ తెలుపవలసి ఉంటుంది.